నిద్రావస్థలో సజావుగా పనిచేయుచున్నది

తాడిలంక కాలువల డివిజన్ కార్యాలయానికి ల్యాప్‌టాప్ వచ్చిన రోజున సూపరింటెండెంట్ యర్రంశెట్టి వైకుంఠరావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అట్టపెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించాడు. కొబ్బరికాయ మాత్రం బయట మెట్టు మీద కొట్టించాడు, నీళ్ళు యంత్రం మీద చిందకూడదని. దాని సంరక్షణ ఆ విధంగా మొదటి నిమిషం నుంచే మొదలైందని తర్వాత అందరికీ చెప్పుకునేవాడు.

వైకుంఠరావుకు కంప్యూటర్లు తెలియవు. ఆయనకు తెలిసింది భాష. మామూలు మాటను పట్టుకుని దానికి కోటూ తలపాగా తొడిగి ఫైల్లో కూర్చోబెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరు. గట్టు మీద తుమ్మచెట్టు పడిపోయిందని కాలువ కాపలా చూసే లస్కరు ఫోన్ చేస్తే, "గట్టుపై గల వృక్షము స్వయముగా నేలకొరిగిన పరిస్థితి ఉత్పన్నమైనది" అని రాసేవాడు. పక్క ఆఫీసుల వాళ్ళు తమ ఉత్తరాలు దిద్దించుకోవడానికి పెసరట్టు పొట్లాలతో వచ్చేవారు. వైకుంఠరావు రాసిన ఉత్తర్వులో సందు దొరకదని ప్రతీతి. ఆ ప్రతీతిని మొదలుపెట్టింది కూడా ఆయనే.

ఇంట్లో మాత్రం ఈ విద్య చెల్లేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన తిన్నగా చెప్పలేక "ఉప్పు విషయమై" అని మొదలుపెడితే, భార్య మంగతాయారు వాక్యం పూర్తయ్యేదాకా ఆగకుండా ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయేది.

ఆ ఏడే పంట కాలువల లాకులకు కొత్త రకం తాళాలు బిగించారు. ఆఫీసు నుంచి నీటి విడుదల ఉత్తర్వు కంప్యూటర్‌లో పంపితే, లాకు దగ్గరుండే లస్కరు ఫోనుకి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు నొక్కితేనే తలుపు లేస్తుంది. చీటీ రాసి పంపడం, ఫోన్లో కేకెయ్యడం రద్దయిపోయాయి. అధికారులు గట్టు మీదే నిలబడి, నీటి మట్టం కళ్ళతో చూసి, అక్కడికక్కడే ఉత్తర్వు పంపాలన్న ఉద్దేశంతో చేత పట్టుకెళ్ళే కంప్యూటర్ ఇచ్చారు. ఇది రాగానే పాతదాన్ని కాలం చెల్లినదని పట్టుకుపోయారు. ఈ కొత్తదాన్ని నిజంగానే ఎవరైనా చేత పట్టుకుపోతారేమోనన్న భయంతో వైకుంఠరావు సైకిలు గొలుసుతో బల్లకు కట్టించి తాళం వేయించాడు.

కొన్నాళ్ళు అది బల్ల మీదే ఉండి బాగానే పనిచేసింది. కంప్యూటర్ ఆపరేటర్ రవళి వంతుల ప్రకారం ఉత్తర్వులు పంపేది, లస్కర్లు తలుపులు ఎత్తేవారు, నీళ్ళు పోయేవి. అంతా సవ్యంగా ఉండడం వల్ల ఎవరూ దాన్ని గురించి ఆలోచించలేదు. అప్పుడే హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది.

చేత పట్టుకెళ్ళే కంప్యూటర్లలో బ్యాటరీ అన్నది జాతి సంపద అనీ, దాన్ని పొదుపుగా వాడే డివిజన్‌కు రాష్ట్రస్థాయి పురస్కారం ఇస్తామనీ, ప్రతి సాయంత్రం ఆఫీసు మూసేముందు బ్యాటరీ ఎంత శాతం మిగిలిందో తెలియజేయాలనీ అందులో ఉంది. యంత్రం ఆ రోజు ఏం పని చేసిందో తెలియజేయమని మాత్రం ఎక్కడా లేదు.

డివిజన్ పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ధనుంజయ గారు, అందరి నోటా ఈఈ గారు. మంచి మనిషి. ఏ పథకం వచ్చినా పెళ్ళివారింటి హడావుడి చేస్తారు. మొక్కల పథకం వచ్చిన ఏడు ఆఫీసు ఆవరణలో ఎంత దట్టంగా నాటించారంటే, జీపు బయటికి తీయడానికి దారి లేక ఆ వర్షాకాలమంతా బస్సుల్లోనే పర్యటించారు. సర్క్యులర్ చదవగానే ఆయన వైకుంఠరావును పిలిచారు.

"దీన్ని మనం ఉద్యమ స్ఫూర్తితో చేపట్టాలి, వైకుంఠరావు గారూ. స్థానిక మార్గదర్శకాలు మీరే తయారుచేయండి. భాష గట్టిగా ఉండాలి. ఎక్కడా సందు ఉండకూడదు."

"చిత్తం," అన్నాడు వైకుంఠరావు, సిగ్గుపడుతున్నట్టు కనిపించడానికి ప్రయత్నిస్తూ.

ల్యాప్‌టాప్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. తెర వెలుగు అవసరమైనంత మేరకు తగ్గించుకోండి, అక్కర్లేని ప్రోగ్రాములు మూసేయండి, వీలైతే గాలి ఆడే చోట పెట్టండి, వాడనప్పుడు నిద్రావస్థలో ఉంచండి అని నాలుగు మంచి మాటలు అందులో ఉన్నాయి. అవి వైకుంఠరావు చేతిలో పడ్డాయి. "తెర యొక్క ప్రకాశమును కనిష్ఠ స్థాయికి కుదించవలెను. కుదించని యెడల బాధ్యులపై తగు చర్య తీసుకొనబడును" అయింది మొదటి మాట. "అవసరమైనంత మేరకు" అన్న ముక్క ఆయన తీసేశాడు. అలాంటి ముక్కలు ఉత్తర్వును నీరుగారుస్తాయని ఆయన నమ్మకం. పుస్తకం నిండా ఉన్న "అవసరమైతే", "వీలైతే", "వాడనప్పుడు" వంటివన్నీ ఏరి పారేసి, మిగిలినదాన్ని సాఫు చేసి, సంతకానికి పంపించాడు. ఈఈ గారు చదివి ఆనందంతో కుర్చీలోంచి లేచారు.

మర్నాడు రవళి వచ్చి వైకుంఠరావు బల్ల ముందు నిలబడింది.

"సార్, స్క్రీను మీద ఏమీ కనపట్టంలేదండి."

"కనిష్ఠ స్థాయి అంటే అంతేనమ్మా. నీకు కీబోర్డు అలవాటే కదా."

"అలవాటేనండి. ఏ కాలవకి నీళ్ళు పంపుతున్నానో కూడా తెలియాలి కదండీ."

అందులో న్యాయం ఉంది. గదిలో చీకటి ఉంటే మసక తెర కూడా కనిపిస్తుందని ఎవరో అన్నారు. కిటికీలు మూయించారు, ట్యూబులైట్లు ఆర్పించారు. మిట్టమధ్యాహ్నం ఆఫీసులో ఒకరినొకరు గొంతును బట్టి గుర్తుపట్టే పరిస్థితి ఉత్పన్నమైనది. అప్పటికీ చాలక, గెస్ట్‌హౌస్ నుంచి నల్ల దుప్పటి తెప్పించి రవళి మీదా యంత్రం మీదా కలిపి కప్పారు. దుప్పటి కింద ఆ అమ్మాయి చెమటలు కక్కుతూ టైపు చేసేది. ఆ వేడికి ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఫ్యాను తిరిగితే బ్యాటరీ ఖర్చు. ఆ సాయంత్రం శాతం చూసి ఈఈ గారికి అన్నం సహించలేదు.

దానికి పరిష్కారంగా గదికి పెద్ద ఏసీ పెట్టించారు. ఉదయం తాళం తీసినప్పటి నుంచి సాయంత్రం తాళం వేసేదాకా అది ఏకధాటిగా తిరిగేది. ఒకసారి వసూళ్ళ గుమాస్తా, ఏసీకి కూడా కరెంటు ఖర్చవుతుంది కదా అని సందేహం వెలిబుచ్చాడు. సర్క్యులర్లో బ్యాటరీ అని మాత్రమే ఉందనీ, గోడలోంచి వచ్చే కరెంటు వేరే పద్దు కిందికి వస్తుందనీ వైకుంఠరావు ఓపికగా వివరించాడు. వివరించేటప్పుడు ఆయన శాలువా కప్పుకుని ఉన్నాడు.

ఇన్ని చేసినా రాష్ట్రంలో తాడిలంక స్థానం మూడు దాటలేదు. ప్రతి సాయంత్రం అన్ని డివిజన్ల శాతాలూ వాట్సాప్ గ్రూపులో వచ్చేవి. ఈఈ గారు వాటిని పరీక్షా ఫలితాల్లా చూసుకునేవారు.

"ఇంకేం చెయ్యగలం?" అని ఆయన ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి అడిగారు.

"మూత తెరవకుండా ఉంటే అసలు తగ్గదండి," అంది రవళి. దుప్పటి మీద కోపంతో అన్న మాట అది.

ఎవరూ నవ్వలేదు. ఈఈ గారు చాలాసేపు కిటికీ వైపు చూశారు, అది మూసి ఉన్నప్పటికీ.

"కానీ యంత్రాన్ని నిత్య వినియోగంలో ఉంచాలని సర్క్యులర్లో ఉందే," అన్నారు చివరికి.

అందరూ వైకుంఠరావు వైపు తిరిగారు. చీకట్లో కూడా ఆ సంగతి ఆయనకు తెలిసింది. జీవితంలో మనిషికి అలాంటి క్షణాలు ఎక్కువగా రావు. చిన్న పుస్తకం తెప్పించుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెలుతురులో చదివాడు. నిద్రావస్థలో మీ పని ఎక్కడిదక్కడే భద్రంగా ఉంటుంది, అని రాసి ఉంది. ఆయన తిరిగొచ్చి, నిలబడి, కాగితం అవసరం లేకుండానే చెప్పాడు.

"పని ఎక్కడిదక్కడ ఉండుటయనగా, పని జరుగుచున్న స్థితి నిరాటంకముగా కొనసాగుటయే. కావున నిద్రావస్థ కూడా వినియోగముగానే పరిగణించవలెను."

ఈఈ గారు లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ రోజు ఇంటికి వెళుతూ వైకుంఠరావు, అవసరం లేకపోయినా, బజారు మీదుగా వెళ్ళాడు.

అప్పటి నుంచి ల్యాప్‌టాప్ మూత దిగిపోయింది. రోజూ సాయంత్రం "యంత్రము నిద్రావస్థలో సజావుగా పనిచేయుచున్నది" అని నివేదిక వెళ్ళేది. శాతం చూడాలంటే మూత తెరవాలి, తెరిస్తే మేలుకుంటుంది. అందుకని "నిన్నటి స్థాయియే కొనసాగుచున్నట్లు భావించడమైనది" అన్న వాక్యం చేర్చాడు వైకుంఠరావు. బల్ల కదిలితే లేస్తుందేమోనని బల్లను ఎవరూ తాకకూడదన్నారు. తర్వాత చెప్పులు బయట విప్పమన్నారు. తర్వాత గుసగుసగా మాట్లాడమన్నారు. దేనికైనా తప్పనిసరిగా లేపవలసి వస్తే "నిద్రాభంగ అనుమతి" ముందుగా పొందాలనీ, నోటిమాటగా ఇచ్చిన అనుమతి చెల్లదనీ, దరఖాస్తు ఆన్‌లైన్‌లో మాత్రమే చేసుకోవాలనీ చివరి నిబంధన పెట్టాడు. ఆ నిబంధన రాసినప్పుడు కలం దానంతటదే నడిచినట్టు అనిపించిందాయనకు.

తాడిలంక మొదటి స్థానానికి వచ్చింది. కాలువల్లో నీళ్ళు మాత్రం లాకుల వెనకాలే ఉండిపోయాయి.

ఒక ఉదయం మంగతాయారు తమ్ముడు కొండబాబు ఆఫీసుకు వచ్చాడు. అతనిది మొగలిదిబ్బ, కాలువకు చిట్టచివరన ఉండే శివారు ఊరు. ఆకుపచ్చ తువ్వాలు భుజాన వేసుకుని, మోకాళ్ళ దాకా ఎండిపోయిన మట్టితో, చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడి పిలిచాడు.

"బావా, మా వంతు దాటిపోయింది. నీళ్ళెప్పుడొదుల్తారు?"

"మెల్లిగా మాట్లాడు," అన్నాడు వైకుంఠరావు గుసగుసగా.

కొండబాబు లోపలి చీకట్లోకి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "ఏం, ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"ల్యాప్‌టాప్ నిద్రావస్థలో ఉంది."

"లేపు."

"లేపకూడదు. ఉత్తర్వు ఉంది."

"నారుమడి నెర్రెలిచ్చేత్తంది బావా. మొలకలు చల్లి కూకున్నాం. ఊళ్ళో ఏ మడి చూసినా అంతే. ఈ వారం నీళ్ళు తగలకపోతే మళ్ళీ ఇత్తనాలు తేవాలి. అప్పుడు ఊడుపులు ఎప్పుడయ్యేను, కోతలు ఎప్పుడయ్యేను? తుఫాన్ల కాలంలో కోసుకోవాలి. ఇంతకీ ఆ ఉత్తర్వు రాసినోడెవడు?"

వైకుంఠరావు తన బల్ల మీది పేపర్‌వెయిట్‌ను అటు తిప్పి ఇటు పెట్టాడు. "కార్యాలయం రాసింది," అన్నాడు.

కొండబాబు చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఈ కాస్త సంభాషణ బల్లను కదిలించలేదు కదా అని వైకుంఠరావుకు ముందు అనిపించింది. ఆ అనిపించడం తర్వాత ఆయనను చాలాకాలం బాధపెట్టింది.

సాయంత్రం ఇంట్లో మంగతాయారు గుమ్మంలోనే ఎదురైంది.

"మా తమ్ముడొచ్చాడంటగా ఆఫీసుకి. ఏం చెప్పారు వాడికి?"

"విషయం పరిశీలనలో ఉంది."

"నాకు చెప్పండి. నీళ్ళు ఎందుకు పోవట్లేదు?"

ఆయన చెప్పాడు. నిద్రావస్థ గురించీ, పని ఎక్కడిదక్కడే ఉండడం గురించీ, మొదటి స్థానం గురించీ. చెబుతున్నకొద్దీ ఆఫీసులో అంత బాగా నిలబడిన వాక్యాలు ఈ వసారాలో ఎందుకో కాళ్ళు మడతపడి కూలబడుతున్నట్టు అనిపించింది. మంగతాయారు అంతా విని, "అలాగా," అని లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే కాఫీ రాలేదు. ఆయన వంటింట్లోకి వెళ్ళి చూశాడు. పొయ్యి మీద దుప్పటి కప్పి ఉంది.

"కాఫీ విషయమై," అన్నాడు.

"పొయ్యి నిద్రపోతందండి," అంది మంగతాయారు కూరలు తరగకుండా పక్కన పెడుతూ. "గ్యాసు పొదుపు. వంట ఎక్కడిదక్కడే భద్రంగా ఉంది. మీరు తిన్నట్టే లెక్క."

వైకుంఠరావు ఆ మాటలో సందు కోసం వెతికాడు. దొరకలేదు. మాట తనదే.

ఖాళీ కడుపుతో ఆఫీసుకు వచ్చి, మార్గదర్శకాల ఫైలు తీసి, మొగలిదిబ్బకు నీళ్ళు పంపడానికి ఎక్కడైనా వెసులుబాటు ఉందేమోనని మొదటి పేజీ నుంచి చదివాడు. ఒక్క చోట కూడా లేదు. ఎవడో గానీ గట్టివాడే రాశాడని ఒక్క క్షణం మెచ్చుకుని, వెంటనే గుర్తొచ్చి, తల పట్టుకున్నాడు. "వాడనప్పుడు" అన్న ఒక్క ముక్క ఉంచి ఉంటే చాలు. ఆ చిన్న పుస్తకం రాసినవాడు తనకంటే తెలివైనవాడని మొట్టమొదటిసారి అనుమానం వచ్చింది. మొదట చదివినప్పుడు అతని భాష ఎంత పేలవంగా ఉందోనని జాలిపడ్డాడు కూడా.

ఈఈ గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, శివారు ఊళ్ళల్లో నారుమళ్ళు ఎండిపోతున్నాయండి. ఒక్కసారి తెరిచి ఉత్తర్వు పంపిద్దాం."

ఈఈ గారి ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "చాలా విచారకరం. మీరు నిద్రాభంగ అనుమతికి దరఖాస్తు చేయండి. నేను వెంటనే మంజూరు చేస్తాను."

"దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలండి."

"చేయండి."

"దానికి ల్యాప్‌టాప్ లేపాలండి."

"దానికి అనుమతి తీసుకోండి."

ఈఈ గారు మార్గదర్శకాల ప్రతి తీసి చివరి పేజీకి తిప్పారు.

"నోటిమాటగా ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు," అన్నారు ఈఈ గారు, "అది చెల్లదని ఉంది కదా. ఎంత పటిష్ఠంగా కుదిరిందో చూడండి. నిన్న హెడ్డాఫీసు వాళ్ళు కూడా అదే మాట అన్నారు. రేపు పరిశీలన బృందం వస్తోంది, వైకుంఠరావు గారూ. మీ పేరు ప్రత్యేకంగా చెబుతాను."

ఆ మాటకు ఆ పరిస్థితిలో కూడా తన గుండె కొంచెం పొంగడం వైకుంఠరావు గమనించాడు. తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ పొంగడం ఆగలేదు.

బృందం వచ్చింది. దాని నాయకురాలు డాక్టర్ హైమవతి గారు, వెనక ఇద్దరు అధికారులు, ఒక ఫొటోగ్రాఫరు. చార్జర్ పెట్టడం నిద్రాభంగం కిందికి రాదని తేల్చుకుని రాత్రంతా చార్జింగ్ పెట్టి ఉంచారు కాబట్టి, బ్యాటరీ నిండుగా ఉందని పక్కనున్న చిన్న పచ్చదీపం చెబుతోంది. అందరూ చెప్పులు విప్పి, చల్లటి చీకటి గదిలో ల్యాప్‌టాప్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు ఫ్లాష్ వేయబోతే ఈఈ గారు వారించారు.

"అద్భుతం," అన్నారు హైమవతి గారు గుసగుసగా. "ఈ కాలంలో నీటి విడుదల ఎన్నిసార్లు చేశారు?"

"అసలు చేయలేదండి," అన్నారు ఈఈ గారు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే బ్యాటరీతో పాటు జలవనరుల పొదుపు కూడా సాధించారన్నమాట. దీన్ని జంట పొదుపు నమూనాగా రాష్ట్రమంతటా అమలుచేయవచ్చు."

ఆ మాటలు జరుగుతుండగా గుమ్మంలో అలికిడైంది. కొండబాబూ, మొగలిదిబ్బ రైతులూ వచ్చారు. ఆడవాళ్ళు కూడా ఉన్నారు. గొడవ చేయడానికే వచ్చారు గానీ, అన్ని చెప్పులు బయట వరసగా విప్పి ఉండడం చూసి వాళ్ళూ విప్పారు. లోపల అంత నిశ్శబ్దంగా ఉండడం చూసి, ఎవరో పెద్దమనిషి పోయారనుకుని, తువ్వాళ్ళు భుజాల మీంచి తీసి చేత పట్టుకుని ఒద్దికగా వచ్చి నిలబడ్డారు.

"లబ్ధిదారులా?" అన్నారు హైమవతి గారు ప్రసన్నంగా. "రండి, మీ అనుభవం చెప్పండి."

కొండబాబు తిన్నగా వైకుంఠరావు దగ్గరికి వచ్చి, ఆయన చెయ్యి తీసుకుని, అందులో గుప్పెడు నారు పెట్టాడు. మడిలోంచి పీకినప్పుడు వేళ్ళతో సహా పెళ్ళగిలి వచ్చిన పొడి మట్టి ఇంకా అంటుకునే ఉంది. చివళ్ళు ఎండి చీపురుపుల్లల్లా ఉన్నాయి. మొదళ్ళల్లో ఇంకా కొద్దిగా పచ్చదనం ఉంది.

అలవాటు కొద్దీ వైకుంఠరావు మనసులో వాక్యం మొదలైంది. "నారు శుష్కించిన పరిస్థితి" అన్నంతవరకు వచ్చి ఆగిపోయింది. ఎంత తోసినా ముందుకు కదలలేదు. అరచేతిలో ఆ మట్టి కొద్దికొద్దిగా రాలుతోంది. ఆయన హైమవతి గారి వైపు తిరిగాడు.

"మేడం, ఒక ముఖ్య పరీక్ష మిగిలిపోయింది."

"ఏమిటది?"

"ఇది చేత పట్టుకెళ్ళదగిన కంప్యూటరు. దాని వహనీయతను ఇంతవరకు ఈ రాష్ట్రంలో ఏ డివిజనూ పరీక్షించి యుండలేదు. క్షేత్రస్థాయిలో సైతము నిద్రావస్థ చెక్కుచెదరకుండునా లేదా యన్నది నిర్ధారింపబడిన గాని, మన నమూనా సంపూర్ణము కాజాలదు."

హైమవతి గారి కళ్ళు మెరిశాయి. "వహనీయత. ఇది మా పరిశీలనాంశాల్లో లేదు. ఉండవలసింది."

ఈఈ గారు గర్వంతో ఎర్రబడ్డారు. సైకిలు గొలుసు తాళం తీశారు. ల్యాప్‌టాప్‌ను దిండు మీద పడుకోబెట్టి, రవళి ఒళ్ళో పెట్టి, జీపు ఎక్కించారు. గోతులొచ్చిన చోటల్లా డ్రైవరు ఎద్దుబండి కంటే నెమ్మదిగా పోనిచ్చాడు. వెనక బృందం కార్లు, వాటి వెనక రైతుల మోపెడ్లు. దారిలో ఆగిన జనం, ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారనుకుని తప్పుకుని దారిచ్చారు.

లాకు దగ్గర లస్కరు ఏసుపాదం సెల్యూట్ చేసి నిలబడ్డాడు. తలుపుకు ఇవతల కాలువ నిండుగా తొణుకుతోంది. అవతల అడుగున ఇసుక కనిపిస్తోంది. ఆ రెండింటికీ మధ్య ఉన్నది ఒక ఇనపరేకు. వైకుంఠరావు ఇన్నాళ్ళూ దాన్ని గురించి ఎన్నో ఉత్తరాలు రాశాడు గానీ, ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు.

దిండును గట్టు గోడ మీద పెట్టించి, ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు.

"జాగ్రత్త," అన్నారు ఈఈ గారు. "అది మేలుకుంటుంది."

"అవునండి," అని వైకుంఠరావు మూత ఎత్తాడు.

ఎండలో తెర మీద ఏమీ కనిపించలేదు. రవళి ముందుకొచ్చి, అడక్కుండానే వెలుగు పూర్తిగా పెంచింది. పెంచుతున్నప్పుడు ఆ అమ్మాయి ముఖంలో దుప్పటి తాలూకు లెక్కలన్నీ తీర్చుకుంటున్న తృప్తి కనిపించింది. అయితే ఇన్నాళ్ళు పడుకున్న యంత్రం లేస్తూనే పని మొదలుపెట్టలేదు. తనను తాను నవీకరించుకుంటున్నాననీ, దయచేసి ఆపవద్దనీ చెప్పి గుండ్రంగా తిరగసాగింది. చూస్తుండగా బ్యాటరీ కరిగిపోతోంది. తొంభై అయింది, డెబ్బై అయింది. హైమవతి గారి వెనకున్న అధికారి పెన్ను తీశాడు. సగానికి వచ్చింది. రైతులు కూడా ఇప్పుడు గట్టు మీద ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తూ ఆ అంకెనే చూస్తున్నారు.

"వైకుంఠరావు గారూ, మీరేం చేస్తున్నారు?" అన్నారు ఈఈ గారు.

"నీళ్ళొదులుతున్నానండి."

ఎట్టకేలకు తెర కుదురుకుంది. సిగ్నల్ లేదు. రవళి యంత్రాన్ని రెండు చేతులతో తల మీదికెత్తి గట్టు మీద అటూ ఇటూ నడిచింది. రావిచెట్టు దాటాక సిగ్నల్ దొరికింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని టకటకా ఉత్తర్వు కొట్టింది. ఏసుపాదం జేబులో ఫోను మోగింది. అతను నంబరు చదువుకుని నొక్కాడు. తలుపు కీచుమంటూ జానెడు లేచి, ఆగి, మళ్ళీ లేచింది. కిందనుంచి నీళ్ళు ముందు బురదగా, తర్వాత నురగగా, తర్వాత నీళ్ళలా దూకాయి. ఆడవాళ్ళలో ఒకామె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వైకుంఠరావు మాత్రం రవళి పక్కన వంగుని తెర మూలనున్న అంకెనే చూస్తున్నాడు. అది పదికి వచ్చింది, ఎనిమిదికి వచ్చింది. కొండబాబు ఆయన భుజం పట్టుకుని మెల్లిగా కాలువ వైపు తిప్పాడు.

"అటు కాదు బావా," అన్నాడు. "ఇటు చూడు."

ఆ రోజు వంతులన్నీ పంపేదాకా యంత్రం నిలబడింది. ఆఖరి ఉత్తర్వు వెళ్ళాక దానంతటదే నల్లబడింది. హైమవతి గారు ఏదో రాసుకుని, టీ తాగకుండానే కారెక్కారు.

పురస్కారం మరో డివిజన్‌కు పోయింది. వాళ్ళు ల్యాప్‌టాప్‌ను అట్టపెట్టెలోంచి అసలు బయటికే తీయలేదని తర్వాత తెలిసింది. ఆ మాట విన్నప్పుడు వైకుంఠరావుకు నిజంగానే కుళ్ళు పుట్టింది. ఆ ఆలోచన తనకు ఎందుకు రాలేదా అని ఒక పూటంతా మథనపడ్డాడు. మొగలిదిబ్బలో ఊడుపులు సాగుతున్నాయని మంగతాయారు ఫోన్లో వింటూ ఆయనకూ వినిపించేలా గట్టిగా మాట్లాడింది. ఇంట్లో పొయ్యి లేచింది. కాఫీ వేళకు వస్తోంది.

ఈఈ గారు కోప్పడలేదు. ఆయనకు కోపం రాదు, బాధ మాత్రమే వస్తుంది. ఆ బాధతోనే వైకుంఠరావుకు మెమో ఇచ్చారు. మెమో అందుకునేవాడే వైకుంఠరావు కాబట్టి, ఈసారి దాన్ని ఈఈ గారే స్వయంగా రాశారు. అందులో రెండు సంధులు తప్పాయి. వైకుంఠరావు వాటిని ఎర్ర పెన్నుతో దిద్ది, సాఫు ప్రతి తెప్పించుకుని, అప్పుడు అందినట్టు సంతకం పెట్టాడు. యంత్రమునకు ఏ కారణముచే, ఎవరి అనుమతితో నిద్రాభంగము కలిగించితిరో సంజాయిషీ ఇవ్వవలెనన్నది దాని సారాంశం.

సంజాయిషీ రాయడానికి ఆయన ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చున్నాడు. పక్క గదిలో వాళ్ళు ఇక ఎన్ని పేజీలు వస్తుందోనని కాగితాల కట్ట సిద్ధం చేసి ఉంచారు. అయిదు నిమిషాల్లో తలుపు తీసుకుని బయటికి వచ్చి ఒక్క కాగితం పంపించాడు. అందులో ఒక్క వాక్యం ఉంది. "నారు ఎండిపోతుంటే నీళ్ళు వదలడానికి తెరిచాను."

సాయంత్రానికి అది వెనక్కి వచ్చింది. పక్కన ఈఈ గారి చేతిరాత ఉంది. "భాష ఈ కార్యాలయ స్థాయికి తగినట్లు లేదు. సవరించి సమర్పించవలెను."

వైకుంఠరావు ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాడు. పెన్ను మూత తీసి, చేర్చవలసినదేమైనా ఉందేమోనని వెతికాడు. తీసేయవలసినదేమైనా ఉందేమోనని కూడా వెతికాడు. కింద ఇంకోసారి సంతకం పెట్టి, అలాగే పైకి పంపించి, టీ తాగడానికి వెళ్ళాడు.